హెడ్డాఫీసుకి బరువెంత?

2017 సెప్టెంబరులో అమెజాన్ కంపెనీ ఓ స్వయంవరం చాటించింది. సియాటిల్‌లో ఒక హెడ్డాఫీసు ఉంది, దానికి తోడు రెండోది కడతాం, 500 కోట్ల డాలర్లు ఖర్చు పెడతాం, 50,000 మందికి ఉద్యోగాలిస్తాం, ఏ ఊరు వరిస్తుందో ముందుకు రండి అంది. అమెరికా, కెనడా, మెక్సికోల నుంచి 238 అర్జీలు వచ్చిపడ్డాయి. అరిజోనా ఎడారిలోని టూసాన్ వాళ్లు 21 అడుగుల బ్రహ్మజెముడు లాంటి చెట్టుని వేళ్లతో పెకలించి లారీ మీద కానుకగా పంపారు. మేం కానుకలు పుచ్చుకోమని చెప్పి కంపెనీ దాన్ని ఓ ఎడారి మ్యూజియానికి ఇప్పించింది. జార్జియా రాష్ట్రంలో స్టోన్‌క్రెస్ట్ అనే చిన్న ఊరైతే ఏకంగా 345 ఎకరాలు విడగొట్టి, దానికి అమెజాన్ అనే పేరు పెడతామంది. పెళ్లికొడుకు ఇంటిపేరు మార్చుకోవడమన్నమాట!

ఈ కథ చెప్తుంటే మా మనవరాలు మధ్యలో ఆపింది.

"తాతయ్యా, మన మధిర వాళ్లు అర్జీ పెట్టుంటే?"

ఆ పోటీ ఉత్తర అమెరికా ఊళ్లకే అమ్మడూ అన్నాను. అయినా షరతులు చూద్దాం రా అని కూర్చోబెట్టాను. ఊరూ చుట్టుపక్కలా కలిపి పది లక్షలకి పైగా జనం ఉండాలన్నారు. పాత ఖమ్మం జిల్లా మొత్తం, అడవులూ భద్రాచలమూ అన్నీ కలిపితే 2011 లెక్కల్లో సుమారు 28 లక్షలు. అందులో మధిర వాటా ఎంతో నువ్వే ఊహించుకో. అంతర్జాతీయ విమానాశ్రయం 45 నిమిషాల్లో అందాలన్నారు. మనకి దగ్గరిది గన్నవరం, కారులో గంటకి పైమాటే. ఒక్క రైలు విషయంలో మాత్రం మనం ఎవరికీ తీసిపోం.

"అంటే కంపెనీలు ఊళ్లని ఎంచుకోవడానికి లెక్కలుంటాయా?"

ఉంటాయి. ఒక లెక్కని చెక్క మీద కళ్లకి కట్టేట్టు చూపించొచ్చు. మీరూ ఇంట్లో చెయ్యండి.

ఓ ప్లైవుడ్ ముక్క తెచ్చి దాని మీద పాత ఖమ్మం జిల్లా పటం అంటించండి. మధిర, ఖమ్మం, కొత్తగూడెం, ఈ మూడు ఊళ్ల దగ్గరా చిల్లులు పెట్టండి. చిల్లుల అంచులకి కొవ్వొత్తి మైనం బాగా రుద్దండి. మూడు దారాలు తీసుకుని ఒక కొసన మూడింటినీ కలిపి ముడెయ్యండి. రెండో కొసలని ఒక్కో చిల్లులోంచి కిందికి దించి, వాటికి సమానమైన తూకంరాళ్లు కట్టండి. చెక్కని రెండు స్టూళ్ల మధ్య బల్లపరుపుగా ఉంచి చెయ్యి తీసెయ్యండి. ముడి అటూ ఇటూ జరిగి ఒకచోట నిలబడుతుంది. మా చెక్క మీద అది ఖమ్మానికి తూర్పున, కొణిజర్ల దరిదాపుల్లో ఆగింది. అక్కడ మూడు దారాల మధ్యా కోణాలు కొలవండి, మూడూ 120 డిగ్రీలే వస్తాయి.

మూడు ఊళ్లకీ సమానంగా సరుకు తోలే గోడౌన్ ఎక్కడ కడితే లారీ కిరాయి తక్కువవుతుందంటే, సరిగ్గా ఆ ముడి దగ్గరే. రోడ్డు వంకరలు లెక్కలోకి తీసుకోకపోతేనే సుమా.

ఎందుకలా? దారం పొడవు మారదు కదా. చెక్క పైన ఎంత తక్కువ దారం ఉంటే కింద అంత ఎక్కువ వేలాడుతుంది. మూడు రాళ్లూ వీలైనంత కిందికి దిగాలనే చూస్తాయి. ఒకటి దిగాలంటే మరోటి ఎక్కాలి. మూడూ ఇలా లాక్కుని లాక్కుని, ఇక మొత్తం మీద ఎవరికీ లాభం లేని చోట ముడి ఆగుతుంది. అక్కడ ఒక్కో రాయి బరువునీ దాని దారం దూరంతో హెచ్చవేసి కూడితే వచ్చే మొత్తం అన్నిటికన్నా తక్కువ. లారీవాడు కిరాయి అడిగేదీ బరువునీ దూరాన్నీ బట్టే. కాబట్టి భూమ్యాకర్షణ మన తరఫున కూర్చుని కిరాయి లెక్క చేసి పెడుతోంది.

మూడు చోట్లకీ కలిపి దూరం తక్కువయ్యే బిందువు ఏదన్న ప్రశ్న ఫెర్మా అనే ఫ్రెంచి గణితవేత్త 17వ శతాబ్దంలోనే వేశాడు. ఇటలీలో టారిచెల్లి దాన్ని సాధించాడు. ఈ చెక్కా దారాల ఏర్పాటుకి మాత్రం వారిన్యోన్ అనే మరో ఫ్రెంచి పండితుడి పేరు నిలిచింది. ఆ తర్వాత 1909లో ఆల్ఫ్రెడ్ వెబర్ అనే జర్మన్ ఆయన పరిశ్రమలు ఎక్కడ పుడతాయన్న దాని మీద పుస్తకం రాస్తూ ఇదే బొమ్మని వాడుకున్నాడు. పుస్తకం చివర లెక్కల భాగం రాసిపెట్టింది గియోర్గ్ పిక్ అనే గణితవేత్త.

ఇప్పుడు రెండో ఆట. కొత్తగూడెం దారానికి ఇంకా రాళ్లు కట్టండి. మిగతా రెండూ కలిపిన బరువుని ఇది దాటేసరికి ముడి తిన్నగా వెళ్లి కొత్తగూడెం చిల్లు దగ్గరే కూర్చుంటుంది. ఇక ఎంత తట్టినా బయటికి రాదు.

మన వైపు కట్టిన ఫ్యాక్టరీలు చాలావరకు ఈ రెండో ఆట ఆడినవే. అశ్వారావుపేట పామాయిల్ మిల్లుని చూడండి. వంద కిలోల గెలలు తెస్తే నూనె వచ్చేది సుమారు 18, 19 కిలోలు. మిగతాదంతా పిప్పీ నీళ్లూ. పైగా గెల కోశాక ఒక రోజులోపే ఆడించాలి, లేకపోతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత పడిపోతుంది. అలాంటి సరుకుని హైదరాబాదు దాకా ఎవడు మోస్తాడు? నేలకొండపల్లి దగ్గర చక్కెర మిల్లు సంగతీ అంతే, వంద టన్నుల చెరుకులో చక్కెర పది టన్నులు. పాల్వంచ కరెంటు కేంద్రం బొగ్గుకి పక్కనే, కిన్నెరసాని నీళ్లు అందే చోటే ఉంది. బొగ్గు కాలితే మిగిలేది బూడిదే కదా, దూరం మోసి బూడిద చేసే కన్నా ఇక్కడే కాల్చి కరెంటుని తీగల మీద పంపడం నయం. భద్రాచలానికి ఇవతల సారపాకలో కాగితం మిల్లు 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. మన మధిర పొలాల గట్ల మీద కనబడే సుబాబుల్, జామాయిల్ కర్ర అలాంటి మిల్లులకే పోతుంది. కర్రలో సగానికి పైగా గుజ్జు కాకుండానే పోతుంది, నీళ్లు గోదావరిలో ఉండనే ఉన్నాయి. ముడి సారపాకలో ఆగక ఎక్కడ ఆగుతుంది?

"మరి ఆ కంపెనీల హెడ్డాఫీసులు కూడా అక్కడేనా తాతయ్యా?"

అదే తమాషా. సారపాకలో మిల్లు కట్టిన భద్రాచలం పేపర్‌బోర్డ్స్ కంపెనీ ఆఫీసు సికింద్రాబాదులో సర్దార్ పటేల్ రోడ్డు మీద పెట్టుకుంది. పేరులో భద్రాచలం, చిరునామాలో సికింద్రాబాదు. 2002లో అది ఐటీసీ కంపెనీలో కలిసింది, ఆ కంపెనీ పెద్ద ఆఫీసు కోల్‌కతాలో. అశ్వారావుపేట మిల్లు నడిపే ఆయిల్‌ఫెడ్ ఆఫీసు హైదరాబాదులో. గెలని మోసుకుపోలేరు గానీ ఫైలుని మోసుకుపోవచ్చు. ఫైలుకి బరువు లేదు.

బరువు లేనిది ఎటు పోతుందో తెలియాలంటే మీ ఇంట్లో పాత బ్యాంకు పుస్తకాలు వెతకండి. మన వైపు రైతులకి నాగార్జున గ్రామీణ బ్యాంకు ఉండేది, దాని హెడ్డాఫీసు ఖమ్మం. మేనేజరు అప్పు ఇవ్వనంటే రైతు ఖమ్మం వెళ్లి పెద్దాయన్ని నిలదీసి సాయంత్రం బండికి ఇంటికొచ్చేవాడు. 2006లో ఐదు గ్రామీణ బ్యాంకులు కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు చేశారు. అటు పాలమూరు నుంచి ఇటు శ్రీకాకుళం దాకా శాఖలు, హెడ్డాఫీసు వరంగల్. 2025 జనవరి 1న దాని తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి, హెడ్డాఫీసు హైదరాబాదు. రైతు ఉన్నచోటే ఉన్నాడు, పొలం ఉన్నచోటే ఉంది, శాఖ కూడా ఉన్నచోటే ఉంది. హెడ్డాఫీసు మాత్రం మెట్టు మెట్టు ఎక్కి పైకి పోయింది.

ఆంధ్రా బ్యాంకు ఇంకా దూరం పోయింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన బ్యాంకు అది. సముద్రపు ఊరు, కృష్ణా జిల్లా రైతుల డబ్బు, పక్కనే వ్యాపారం. తర్వాత హెడ్డాఫీసు హైదరాబాదుకి మారింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయాక పెద్ద ఆఫీసు ముంబై. రిజర్వు బ్యాంకు ఉన్నది అక్కడే, షేర్ల బజారు ఉన్నదీ అక్కడే.

ఇక్కడో సంగతి పట్టుకోండి. హెడ్డాఫీసులో ఉండేవాళ్లు రోజంతా చేసే పనేమిటి? మాట్లాడటం. లాయరుతో, ఆడిటరుతో, అప్పిచ్చేవాడితో, సచివాలయంలో అధికారితో, పోటీ కంపెనీలోంచి లాగాలనుకున్న ఇంజనీరుతో. ఆ దారాలకి కట్టిన రాళ్లు టన్నులు కావు, మనుషులు. వాళ్లు గుంపుగా ఉన్నచోటికి ముడి జరుగుతుంది. ఒక కంపెనీ జరిగితే దాని కోసం ఇంకో పదిమంది లాయర్లూ ఇంజనీర్లూ అక్కడికే చేరతారు. వాళ్ల కోసం మరో కంపెనీ వస్తుంది. హైదరాబాదులో సైబర్ టవర్స్‌ని 1998 నవంబరులో ప్రారంభించారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ అక్కడ కేంద్రం పెట్టింది. 2019 ఆగస్టులో అదే నగరంలో అమెజాన్ తొమ్మిదిన్నర ఎకరాల్లో 15,000 మంది పట్టే ఆఫీసు తెరిచింది, అప్పటికి ప్రపంచం మొత్తంలో దానికున్న భవనాల్లో అదే పెద్దది. మన స్టేషన్‌లో సంచీ తగిలించుకుని రైలెక్కే పిల్లలు అక్కడ దిగుతున్నారు కాబట్టి కంపెనీ వచ్చిందా, కంపెనీ వచ్చింది కాబట్టి పిల్లలు దిగుతున్నారా అంటే రెండూ నిజమే.

మరి మన వైపే ఒకటి లెక్కకి లొంగకుండా ఉంది. సింగరేణి!

ఇల్లందు దగ్గర బొగ్గుందని 1871లో కనిపెట్టింది భూగర్భ సర్వే శాఖకి చెందిన డాక్టర్ విలియం కింగ్. తవ్వే హక్కులు 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కాయి. బొగ్గు ఇల్లందులో, బొగ్గుబాయిలో దిగినవాళ్లు మన పల్లెల వాళ్లు, కంపెనీ మాత్రం లండన్‌లో పుట్టింది. ఎందుకంటారా? వాటాలు కొనే డబ్బు లండన్ బజారులో ఉంది. ఆ వాటాల అమ్మకంలో గోల్‌మాల్ జరిగిందని 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘం కూడా వేసింది. ఇల్లందు అడవిలో నాలుగు గునపాల దెబ్బలు సరిగ్గా పడకముందే లండన్‌లో కాగితాల మీద కొందరు కోటీశ్వరులయ్యారు. బరువు లేనిది ఎంత వేగంగా పరిగెడుతుందో చూశారా?

బరువున్నది మాత్రం రైలు కోసం కాచుకుని కూర్చుంది. డోర్నకల్ నుంచి ఇల్లందుకి బొగ్గు లైను 1888లో పడింది. నిజాం రైలు వరంగల్ వైపు నుంచి మన మధిర మీదుగా బెజవాడ చేరింది 1889లో. అదే ఏడాది బొగ్గు ఉత్పత్తి లెక్కల్లోకెక్కింది. మన ఊరి మీదుగా పట్టాలు పడటంలో ఆ బొగ్గు పాత్ర కొంత ఉంది. అందుకే రైలు గుర్తుకొస్తే సింగరేణిని తలుచుకుంటాను.

1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అని పేరు పెట్టుకుంది. 1945లో ఎక్కువ వాటాలని నిజాం ప్రభుత్వం కొనేసింది. ఇప్పుడు రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 వంతులు. యజమాని లండన్ షేర్ల బజారు కాకుండా పోయాక అక్కడ పనేముంది? ఇల్లందు తర్వాత తవ్వకం కొత్తగూడెంలో జోరందుకుంది, హెడ్డాఫీసు కూడా అక్కడే స్థిరపడింది. నేటికీ అక్కడే.

అసలు చిక్కు ఇప్పుడుంది. బొగ్గు పొర ప్రాణహిత, గోదావరి లోయ వెంట 350 కిలోమీటర్ల పొడవున ఉంది. గనులు ఆరు జిల్లాల్లో ఉన్నాయి, పైన ఆసిఫాబాద్, మంచిర్యాల నుంచి మన ఖమ్మం జిల్లా సత్తుపల్లి దాకా. కొత్తగూడెం ఈ దండకి దక్షిణపు కొసకి దగ్గర్లో పడింది. గనుల మధ్య దారాలు కట్టి ఎక్కడి బొగ్గుకి తగ్గ రాయి అక్కడ వేలాడదీస్తే, నా లెక్కన ముడి కొత్తగూడెంలో ఆగదు, గోదావరి వెంట ఉత్తరానికి జరుగుతుంది. హెడ్డాఫీసుల అలవాటు చూస్తే అది ఎప్పుడో హైదరాబాదు చేరి ఉండాలి. ఇది రెండూ చెయ్యలేదు.

చిల్లుల అంచులకి మైనం రుద్దమన్నది గుర్తుందా? రుద్దకపోతే రాపిడి వల్ల ముడి అసలు చోటికి చేరకుండా మధ్యలోనే నిలబడిపోతుంది. కొత్తగూడెంలో ఆ రాపిడి చాలా ఉంది. క్వార్టర్లు, ఆసుపత్రి, బడులు, గనుల చదువు చెప్పే కాలేజీ, మూడు నాలుగు తరాలుగా అక్కడే పుట్టి పెరిగిన కుటుంబాలు, గట్టి యూనియన్లు. ప్రభుత్వ కంపెనీ కాబట్టి ఎమ్మెల్యేలూ ఊరుకోరు. ఇంత రాపిడిని దాటి ముడి కదలాలంటే చాలా పెద్ద రాయి కట్టాలి. బదులుగా కంపెనీ హైదరాబాదులో సింగరేణి భవన్ అని మరో ఆఫీసు పెట్టుకుంది. తల కొత్తగూడెంలో, చెవి హైదరాబాదులో. నన్నడిగితే ఇది బాగానే ఉందంటాను. దగ్గర్లోని బాయిలో ప్రమాదం జరిగిన రోజు పెద్దాయన గంటలో వచ్చి నిలబడే అవకాశం ఉండటం చిన్న సంగతి కాదు.

కదలాలనుకున్న కంపెనీకి మాత్రం రాపిడి అడ్డం రాదు. విమానాలు చేసే బోయింగ్ 2001లో సియాటిల్‌ని వదిలేస్తానంది. డెన్వర్, డల్లాస్, షికాగోల్లో షికాగోని ఎంచుకుంది. ఫ్యాక్టరీలకి దూరంగా ఉంటే పెద్దవాళ్ల బుర్రలు బాగా పనిచేస్తాయన్నారు. 2022లో మళ్లీ మూట సర్దుకుని వాషింగ్టన్ పక్కన ఆర్లింగ్టన్ వెళతానంది. అక్కడ పక్కనే పెంటగాన్, అమెరికా రక్షణ శాఖ. అంటే పెద్ద గిరాకీ గుమ్మం ముందు!

అమెజాన్ స్వయంవరం ఏమైందో చెప్పలేదు కదూ. 238 మందిలో 20 మందిని ఏరారు. 2018 నవంబరులో వరమాల రెండు ముక్కలు చేసి న్యూయార్కుకి సగం, అదే ఆర్లింగ్టన్‌కి సగం వేశారు, ఒక్కోచోట 25,000 ఉద్యోగాలన్నారు. డబ్బు రాజధాని ఒకటి, ప్రభుత్వ రాజధాని పక్కన ఇంకొకటి. దీనికి 238 అర్జీలు కావాలా? న్యూయార్కు వాళ్లలో కొందరు, ఇంత ధనికుడికి మేమెందుకు దాదాపు 300 కోట్ల డాలర్ల రాయితీలివ్వాలని అడ్డం తిరిగారు. 2019 ఫిబ్రవరి 14న, ప్రేమికుల దినం నాడు, కంపెనీ అక్కడి పెళ్లి రద్దు చేసుకుంది. ఈలోగా రెండువందల పైచిలుకు ఊళ్లు తమ భూములెంత, జీతాలెంత, పన్ను ఎంత తగ్గిస్తామో అన్నీ రాసి ఉచితంగా దాని చేతిలో పెట్టాయి. ఆ కాగితాల విలువ కట్టినవాడు లేడు.

"అయితే తాతయ్యా, పైకి చెప్పే లెక్కలన్నీ ఉత్తవేనా?"

ఉత్తవి కావు. కానీ లొంగే లెక్కలు. చూడు, రెండు ఊళ్లకి మార్కులేద్దాం. మార్కులు నావే, ఆట కోసం. రైలుకి మధిర 9, ఖమ్మం 9. నేల చవకకి మధిర 9, ఖమ్మం 5. ఆసుపత్రులూ కాలేజీలూ అంటే మధిర 4, ఖమ్మం 8. కూడు.

"రెండూ 22."

ఇప్పుడు పెద్ద ఆఫీసరు దగ్గి, మాకు ఆసుపత్రులు రెండింతలు ముఖ్యం అంటాడు. ఖమ్మం 30, మధిర 26. ఇంకో ఆఫీసరు నేల రెండింతలు ముఖ్యం అంటాడు. మధిర 31, ఖమ్మం 27. ఊళ్లు మారలేదు, మార్కులు మారలేదు. ఏది ఎంత ముఖ్యమో చెప్పే చెయ్యి మారింది. చాలాచోట్ల ఆ చెయ్యి ముందే ఊరు ఎంచుకుని, తర్వాత పట్టిక గీస్తుందని నా అనుమానం.

ఉత్త అనుమానం కూడా కాదు. విలియం వైట్ అనే అమెరికన్ రచయిత, నగరాల వీధుల్లో నిలబడి జనాన్ని గమనించడమే పనిగా పెట్టుకున్న మనిషి, 1988లో వచ్చిన తన పుస్తకంలో ఓ లెక్క వేశాడు. ఉద్యోగుల సుఖం కోసమని చెప్పి న్యూయార్కు వదిలి బయటికి పోయిన 38 కంపెనీలని తీసుకుని, కొత్త ఆఫీసు ఎక్కడ, అందులో పెద్దాయన ఇల్లెక్కడ అని చూశాడు. 31 కంపెనీలు పెద్దాయన ఇంటి దగ్గరికే చేరాయి. సగటు దూరం 8 మైళ్లు, అంటే మన లెక్కలో 13 కిలోమీటర్లు. అమెజాన్ అప్పటి పెద్దాయన జెఫ్ బెజోస్‌కి కూడా వాషింగ్టన్‌లో 2016లో కొన్న పెద్ద ఇల్లుంది, 2013 నుంచి అక్కడి పత్రిక ఉంది. ఆర్లింగ్టన్ అక్కడికి నది అవతలే. నేనేమీ అనడం లేదు.

ఇదంతా విని మనవరాలు పెన్ను లాక్కుంది. ఆసుపత్రులకి రెండింతలు అలాగే ఉంచింది, ఖమ్మానికి అన్యాయం చెయ్యకూడదట. కింద నాలుగో వరస గీసి, పెద్ద మేడం ఇంటికి దగ్గర, అని రాసింది. మధిరకి 10, ఖమ్మానికి 3. కూడితే మధిర 36, ఖమ్మం 33.

"పెద్ద మేడం ఎవరే?" అన్నాను.

"ఇంకెవరు, నేనే!"